ఆఖరి రీలు

మా అమ్మా పెద్దమ్మలూ మ్యాట్నీ చూసొచ్చి రిక్షా దిగుతుంటే అరుగు మీదివాళ్లు అడిగేవారు, "ఎలా ఉందే?" అని. సినిమా బావుంటే జవాబు ఒకటే: "ఏడిపించేశాడమ్మా!" కళ్లు ఉబ్బి, ముక్కులు ఎర్రబడి, కొంగులు తడిసి ఉండేవి. ఆ మాట అనేటప్పుడు మాత్రం మొహాలు వెలిగిపోయేవి. ఆ సాయంత్రం మాకు పకోడీలు ఖాయం. నవ్వుల సినిమా చూసొచ్చిన రోజున ఆ యోగం ఉండేది కాదు. నడుం నొప్పంటూ వచ్చి, పొద్దుటి చారే వేడిచేసి పోసేవారు. కడుపారా ఏడ్చొచ్చిన మనుషులకి అంత ఓపిక ఎక్కణ్నించి వచ్చేదో నాకు చాలా ఏళ్లు అంతుపట్టలేదు.

ఇప్పుడు 'ఫీల్ గుడ్' అని ఒక మాట వచ్చింది. మనసు బాలేదంటే చాలు, స్నేహితులు తలనొప్పి మాత్ర ఇచ్చినట్టు ఒక సినిమా పేరు పంపుతారు. నేనూ చూస్తాను. అందులో అందరూ మంచివాళ్లే. వాన సరిగ్గా పాట మొదలయ్యే వేళకి కురుస్తుంది. చూసినంతసేపూ హాయిగా ఉంటుంది, మర్నాటికి పేరు గుర్తుండదు. మన పాత సినిమాల్లో ఇంకో వరస ఉండేది. పల్లవిలో రిక్షా తొక్కేవాడు మొదటి చరణంలో లారీ కొని, రెండో చరణంలో ఫ్యాక్టరీకి రిబ్బను కత్తిరించేవాడు. ఆ పాటలంటే నాకు కోపం లేదు. అసూయ ఉంది. నా ఇంటి అప్పు పద్దెనిమిదేళ్లు పట్టింది.

నేను పనిచేసిన ఒక కంపెనీలో ఏటా శిక్షణ తరగతి పెట్టేవారు. వచ్చినాయన సినిమాల్లోంచి ముక్కలు కోసి తెచ్చి, హీరో కప్పు ఎత్తే చోటే చూపించి, లైట్లు వేసి, "ఏం నేర్చుకున్నాం?" అనేవాడు. మేం టీ ఎప్పుడొస్తుందా అని తలుపు వైపు చూసేవాళ్లం.

నన్ను నిజంగా లేపి కూర్చోబెట్టిన సినిమాలేమిటా అని ఓసారి వేళ్లు మడిచి చూసుకున్నాను. శంకరాభరణం. సాగర సంగమం. జపాను వాళ్ల 'ఇకిరు'. ఈమధ్య వచ్చినవాటిలో జెర్సీ. నాలుగు వేళ్లు మడిచాక ఒక సంగతి గమనించి నాకే నవ్వొచ్చింది: నాలుగింట్లోనూ కథానాయకుడు చచ్చిపోతాడు. ఆశ కోసం వెళ్లి నేను తెచ్చుకున్నవి నాలుగు శవాలా? ఐదో వేలికి మయూరి ఉంది గనక బతికిపోయాను.

ఈ లెక్క తేలాలంటే ముందు మా బాబాయి సంగతి చెప్పాలి.

తణుకు దగ్గర మా ఊళ్లో ఉన్న ఒక్కగానొక్క హాల్లో మా బాబాయి ఆపరేటరు. నేల, బెంచి, కుర్చీ అని మూడు తరగతులు. మైకులో ఘంటసాల 'నమో వెంకటేశా' మొదలైందంటే ఆట మొదలవబోతోందని ఊరంతటికీ తెలిసేది, చేలో ఉన్నవాళ్లు కూడా కాళ్లు కడుక్కునేవారు. బాబాయి గది పైన ఉండేది. ఇనప మెట్లెక్కి వెళ్లాలి. లోపల రెండు ప్రొజెక్టర్లు, ఒంటెల్లా పక్కపక్కన. వాటి పొట్టల్లో కార్బన్ కడ్డీలు కొసకి కొస చూసుకుంటూ మండుతుండేవి. అవి అరిగేకొద్దీ మరను తిప్పి దగ్గరికి జరుపుతుండాలి, లేకపోతే తెర మీద హీరోయిన్ నల్లబడిపోతుంది, కిందనుంచి ఈలలు మొదలవుతాయి. ఆ వేడికి బాబాయి బనీను, లుంగీ తప్ప ఇంకేం వేసుకునేవాడు కాదు. గోడకి రెండేసి కంతలు: పెద్దది బొమ్మ వెళ్లడానికి, చిన్నది బాబాయి కన్ను వెళ్లడానికి.

నాకప్పుడు తొమ్మిదేళ్లు. ఆ చిన్న కంతలోంచి బాబాయి ఎన్ని సినిమాలు చూసి ఉంటాడో అని కుళ్లుకునేవాణ్ని. అడిగితే అనేవాడు: "నేను సినిమా ఎక్కడ చూస్తాన్రా అబ్బాయ్. చుక్క చూస్తాను."

వెయ్యి అడుగుల రీలు తిరగడానికి పదకొండు నిమిషాలు. రెండు కలిపి ఒక చుట్టకి ఎక్కిస్తే ఇరవై రెండు. మొదటి మిషన్లో చుట్ట అయిపోయే లోపల రెండో మిషన్లో తర్వాతి చుట్ట ఎక్కించి, కడ్డీలు అంటించి సిద్ధంగా ఉంచుకోవాలి. అయిపోవస్తున్నప్పుడు తెర కుడివైపు పైమూల ఒక చుక్క పడుతుంది. నాలుగు ఫ్రేములు, అంటే సెకనులో ఆరోవంతు. అది పడగానే రెండో మిషను మోటారు వెయ్యాలి. ఏడెనిమిది సెకన్లకి ఇంకో చుక్క. దానికి ఇటు మూసి అటు తెరవాలి. సరిగ్గా చేస్తే కింద ఉన్న ఆరువందల మందిలో ఒక్కడికీ తెలీదు. ఒక క్షణం అటూ ఇటూ అయితే తెల్లటి తెర, దాంతో పాటు మా వంశం పేరెత్తి తిట్లు. ఒకే మిషనున్న టూరింగ్ టాకీసుల్లో అయితే ఈ బాధే లేదు, రీలుకో ఇంటర్వెల్ ఇచ్చేసేవారు. బాబాయి వాళ్లని మనుషుల కింద లెక్కేసేవాడు కాదు.

అందుకని ఏ సినిమా అయినా బాబాయికి ముక్కలు ముక్కలుగానే తెలుసు. ఒక్క ఆఖరి రీలు తప్ప. దాని తర్వాత ఎక్కించాల్సింది ఏమీ ఉండదు. అప్పుడు స్టూలు కంత దగ్గరికి లాక్కుని, బీడీ వెలిగించకుండా పెదాల మధ్య పెట్టుకుని (ఆ గదిలో నిప్పు నిషిద్ధం, కడ్డీల నిప్పు చాలదన్నట్టు), తీరిగ్గా చూసేవాడు. ఎన్ని వందల సినిమాల ముగింపులో తెలుసాయనకి! మొదలు ఏమిటో చాలావాటికి తెలీదు.

శంకరాభరణం 1980 ఫిబ్రవరి 2న విడుదలైతే, మా హాలుకి ప్రింటు దిగేసరికి ఎండలు ముదిరాయి. వాల్‌పోస్టరు మీద తెల్లజుట్టు ముసలాయన. ఎవరో ఎవరికీ తెలీదు. జె.వి.సోమయాజులు రెవెన్యూ శాఖలో డిప్యూటీ కలెక్టరనీ, నాటకాలు వేస్తారనీ పేపరు చదివేవాళ్లు చెప్పారు. "కలెక్టరుగారు పాడితే ఎవడు చూస్తాడయ్యా" అన్నాడు మా గేటు మనిషి. పట్నాల్లో కూడా మొదటి రోజుల్లో కుర్చీలు ఖాళీగా ఉండి, తర్వాత నోటి మాట మీదే హాళ్లు నిండాయని ఆనక విన్నాం. మా దగ్గరా అంతే. మూడో రోజు నుంచి ఎడ్లబళ్లు వచ్చాయి.

ఆ ఆఖరి రీలు నేను బాబాయి ఒళ్లో కూర్చుని చూశాను. శంకరశాస్త్రి వేదిక మీద పాడుతూ పాడుతూ ఆగిపోతాడు. గొంతు రాదు. సభంతా నిశ్శబ్దం. కాశీనాథుని విశ్వనాథ్ సినిమాల్లోకి వచ్చింది మద్రాసు వాహినీ స్టూడియోలో శబ్దగ్రహణ విభాగం నుంచి. నిశ్శబ్దం ఎంతసేపు ఉంచాలో ఆయనకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలీదని నా అభిప్రాయం. ఇంక అయిపోయింది అనుకునే వేళకి పక్కనుంచి ఒక పిల్లవాడి గొంతు, ఆగినచోటే, పాట అందుకుంటుంది. తులసి కొడుకు. పుట్టుకే ఒక అవమానంగా పుట్టినవాడు. శాస్త్రి తన గండపెండేరం తీసి వాడికి తొడిగేసి ఒరిగిపోతాడు.

బాబాయి ఏడుస్తున్నాడు. నా నెత్తి మీద పడుతుంటే చెమట అనుకున్నాను. "ఆయన చచ్చిపోయాడని ఏడుస్తున్నావా బాబాయ్?" అన్నాను. కాదన్నట్టు తలూపాడు. కాసేపయ్యాక, రీలు వెనక్కి చుడుతూ అన్నాడు: "కుర్రాడు టైముకి అందుకున్నాడ్రా. ఓ క్షణం లేటయితే తెర తెల్లగా అయిపోయేది."

అప్పుడు అది ఆపరేటరు మాట అనుకుని నవ్వాను. ఇప్పుడు నా నాలుగు శవాల లెక్క వేసుకుంటే ఆ మాటకే వచ్చి ఆగుతున్నాను. వాళ్లు పోయినందుకు కాదు నేను లేచింది, గెలిచినందుకూ కాదు. పక్కనుంచి ఎవరో అందుకున్నారు చూడండి, అక్కడ లేచాను. మా అమ్మావాళ్ల పకోడీల వెనకాల ఉన్నదీ బహుశా అదే. తాము పడే పాట్లు తమతో పోవు, ఏ పిల్లో పిల్లాడో అందుకుంటాడు అని తెర మీద ఒకరు చూపిస్తే, ఆడవాళ్లకి ఆ పూటకి నూనె పొదుపు చెయ్యబుద్ధి కాదు.

సాగర సంగమం (1983) సంగతి కొంచెం వేరు. అందులో బాలు దగ్గర ఉన్నదంతా నాట్యమే, ఆ నాట్యానికి వేదికే దొరకదు. తల్లి పెళ్లిళ్లలో వంట చేస్తుంది. నాకు ఇప్పటికీ నిద్రలో లేపి అడిగినా గుర్తున్న చోటు ఒకటుంది. మాధవి అతని చేతికి ఒక ఆహ్వానపత్రిక ఇస్తుంది. ఢిల్లీలో నాట్యోత్సవం. పేజీకొక మహా కళాకారుడి బొమ్మ. కమలహాసన్ ఒక్కో పేజీ తిప్పుతుంటే, గుళ్లో ఒక్కో విగ్రహం ముందూ ఆగి దండం పెట్టుకుంటున్నవాడి మొహంలా ఉంటుంది ఆ మొహం. ఇంకో పేజీ తిప్పుతాడు. అక్కడ తన బొమ్మ. అతనికి నవ్వాలో ఏడవాలో తెలీదు. నోరు తెరుస్తాడు, మాట రాదు. ఆమె పక్కన నించుని చూస్తుంటుంది, అంతే. ఆ కాగితాన్ని మించిన గెలుపు అతనికి సినిమా మొత్తంలో లేదు. అదీ నిలవదు. తల్లి పోతుంది, ఆ వేదిక మీద అతను ఆడడు. తాగుడు, పత్రికలో నాట్య విమర్శలు, మిత్రుడు రఘు ఓపిక. చివరికి మాధవి కూతురు వేదిక మీద ఆడుతుంటే, చప్పట్ల మధ్య, చక్రాల కుర్చీలో పోతాడు. నేర్చుకున్నది ఆ పిల్ల కాళ్లలో ఉంది.

కొందరు దీన్ని విషాదాంతం అంటారు. అననీండి. నేను పదో తరగతి లెక్కల్లో తప్పిన ఏడు ఇది మా హాలుకి రెండో విడత వచ్చింది. ఆ వారంలో ఐదుసార్లు చూశాను, టికెట్టు లేకుండా, ఇనప మెట్ల మీంచి. సెప్టెంబరులో గట్టెక్కాను. రెంటికీ సంబంధం ఉందని ఒట్టు వెయ్యలేను.

'ఇకిరు' చూసింది హైదరాబాదులో ఒక ఫిల్మ్ సొసైటీ వాళ్లు వేస్తే. 1952లో కురొసావా తీశాడు. వటనబె అని ఒక పురపాలక ఉద్యోగి, ముప్ఫై ఏళ్లుగా కాగితాల మీద ముద్రలు వేస్తున్నాడు. కడుపులో క్యాన్సరని తెలుస్తుంది. ఒక పేటలో ఆడవాళ్లు మురికిగుంట పూడ్చి పిల్లలకి ఆడుకునే చోటు కట్టండని అర్జీ పట్టుకుని వస్తే, వాళ్లని ఈ కిటికీ నుంచి ఆ కిటికీకి తిప్పే వరస ఉంటుంది. హాల్లో ఉన్న గుమాస్తాలందరం పొట్ట చేత్తో పట్టుకుని నవ్వాం. జపాను వాళ్లు కూడా మనవాళ్లే అని తెలిసి గొప్ప ఊరట. చివరికి ఆయన ఆ పార్కు కట్టించి, మంచు కురుస్తున్న రాత్రి అందులోనే ఉయ్యాల మీద కూర్చుని పోతాడు.

ఈ పార్కు కథ చాలామంది చెబుతారు. నన్ను పట్టుకున్నది మాత్రం అది కాదు. సినిమా ఇంకా చాలా ఉండగానే ఆయన పోతాడు. మిగిలిందంతా సంస్మరణకి కూడిన తోటి ఉద్యోగుల మాటలు. మొదట పార్కు ఘనత ఎవరిదని వాదించుకుంటారు. తాగగా తాగగా ఏడుస్తారు. రేపట్నించి మనమూ ఆయనలా పనిచేద్దాం అని ప్రతిజ్ఞలు చేస్తారు. మర్నాడు ఆఫీసులో ఒక అర్జీ వస్తుంది. అదే కిటికీ నుంచి కిటికీకి పంపేస్తారు. ఒక్కడు మాత్రం కుర్చీలోంచి లేచి నిలబడతాడు, ఎవరూ పట్టించుకోకపోతే కూర్చుంటాడు, కాగితాల దొంతర వెనక మాయమవుతాడు.

మంచి సినిమా చూసి బయటికొచ్చి మనం చేసే పనిని సినిమాలోనే పెట్టేశాడు మహానుభావుడు! గుండె నిండి, ప్రతిజ్ఞ చేసుకుని, సైకిల్ స్టాండులో పావలా చిల్లర దగ్గర పోట్లాడి ఇంటికి పోయేది మనమే. ఆశ కలిగించే సినిమా తీస్తూ, ఆ ఆశ ఒక్క రాత్రికి మించి ఉండదయ్యా అని కూడా చెప్పినవాణ్ని నేను ఇంకెక్కడా చూడలేదు. అంత నిజం చెప్పాడు గనకే, లేచి కూర్చున్న ఆ ఒక్కణ్ని నమ్మగలిగాను.

మయూరి వేరే లోకం. అందులో చావు లేదు. 1981లో తమిళనాడులో బస్సు ప్రమాదం, చిన్న గాయమే ముదిరి సుధా చంద్రన్‌కి కుడికాలు పోయింది. పదిహేను పదహారేళ్ల భరతనాట్యం పిల్ల. జైపూర్ కాలు పెట్టించుకుని మళ్లీ గజ్జె కట్టింది. రామోజీరావు నిర్మాతగా సింగీతం శ్రీనివాసరావు 1985లో సినిమా తీస్తే, తన పాత్ర తానే వేసింది. మాకు హాల్లో ఊపిరాడనిది అందుకే: ఆ కాలు నటన కాదు. సినిమాలో దెబ్బ తగిలితే రంగు అని పిల్లలకి చెప్పే మా అమ్మ, ఆ రోజు ఏమీ చెప్పలేదు.

ఆ కాలు గురించి తర్వాత చదివాను. జైపూర్ ప్రభుత్వాసుపత్రిలో పి.కె.సేథీ అనే సర్జన్, రామచంద్ర శర్మ అనే శిల్పి కలిసి చేసిన రబ్బరు పాదం. శర్మది పెద్ద చదువు కాదు, చేతి పని. అప్పటిదాకా దొరికే విదేశీ కాళ్లకి బూటు తప్పనిసరి. మన రైతు బూటుతో మడిలోకి ఎలా దిగుతాడు, బాసింపట్టు వేసి అన్నం ఎలా తింటాడు అని ఆలోచించి, ఉత్త పాదంతో నడిచేలా చేశారు. నేలమీద కూర్చోవడం కోసం చేసిన పాదం అరమండి కూడా వేసింది. చూశారా, ఇక్కడా ఒకరు చేసింది ఇంకొకరు అందుకోవడమే. నా ఐదో వేలు కూడా మిగతా నాలుగింటి పక్కకే చేరింది.

ఇంక జెర్సీ. ఇది సినిమా గొప్ప కంటే నా టిఫిన్ బాక్సు కథ.

2019 ఏప్రిల్. నాకు నలభై ఎనిమిదేళ్లు. ఒక సోమవారం పొద్దున్న పిలిచి, పదిహేను నిమిషాల్లో నా ఉద్యోగం అయిపోయిందని చెప్పారు. ఇంట్లో చెప్పలేదు. రోజూ ఎనిమిదింటికి బాక్సు పట్టుకుని బయల్దేరి, పార్కుల్లో, లైబ్రరీలో, మెట్రో స్టేషన్లలో పొద్దుపుచ్చి ఆరింటికి వచ్చేవాణ్ని. పన్నెండో రోజో పదమూడో రోజో, ఎండకి తాళలేక ఒక మల్టీప్లెక్సులో దూరాను. ఉదయం ఆట. గేటు దగ్గర సెక్యూరిటీ కుర్రాడు బాక్సు చూసి, "బయటి ఫుడ్ రానివ్వరు సార్" అని తీసుకుని, ప్లాస్టిక్ టోకెన్ ఇచ్చాడు. పద్నాలుగో నంబరు. చెప్పుల స్టాండులో చెప్పులిచ్చినట్టు అన్నం ఇచ్చి లోపలికెళ్లాను.

తెర మీద కూడా ఉద్యోగం లేని మనిషే. అర్జున్. కొడుకు పుట్టినరోజుకి ఐదువందల జెర్సీ అడిగితే, ఆ ఐదువందలు పుట్టవు. పదేళ్ల కిందట వదిలేసిన క్రికెట్‌ని ముప్ఫై ఆరేళ్లకి మళ్లీ పట్టుకుంటాడు. రంజీ జట్టుకి ఎంపికయ్యానని తెలిశాక రైల్వే స్టేషనుకి వెళ్లి నించుంటాడు. రైలు వస్తుంది. ఆ చప్పుడులో, పిడికిళ్లు బిగించి, నరాలు తెగేలా అరుస్తాడు. రైలు వెళ్లిపోయాక ఆగిపోతాడు. మన మధ్యతరగతి మగాడికి సంతోషం వచ్చినా అరవడానికి ఓ రైలు అడ్డం కావాలి అని గౌతమ్ తిన్ననూరి ఎలా కనిపెట్టాడో! ఏడుపుకీ అంతే. నాకు ఆ చీకటి, ఆ డాల్బీ చప్పుడు అడ్డం దొరికాయి. పక్క సీట్లో పాప్‌కార్న్ తింటున్న కాలేజీ కుర్రాళ్లు చూడనట్టు నటించారు, వాళ్లకి నా దీవెనలు. చివరికి ఆ జెర్సీ కొడుకు చేతికి అందేసరికి తండ్రి లేడు.

బయటికొచ్చి టోకెన్ ఇచ్చాను. కుర్రాడు బాక్సు ఇస్తూ, మాటవరసకి అడిగాడు: "ఇవాళ ఆఫీసు లేదా సార్?"

"లేదు. పోయింది" అన్నాను.

పన్నెండు రోజుల్లో ఆ మాట పైకి అనడం అదే మొదటిసారి. వాడు ఏమనాలో తెలీక, "పార్కింగ్ మెట్ల దగ్గర ఫ్యానుంది సార్, అక్కడ తినండి" అన్నాడు. తిన్నాను. దొండకాయ వేపుడు.

మూడింటికే ఇంటికెళ్లి మా ఆవిడకి చెప్పాను. ఆవిడ బియ్యంలో రాళ్లు ఏరుతోంది, చెయ్యి ఆపలేదు. "తెలుసండీ. ఆఫీసుకెళ్లే రోజుల్లో సగం మిగిల్చి తెచ్చేవారు. పది రోజుల నుంచి బాక్సు తుడిచినట్టు వస్తోంది" అంది. ఆనక చేట పక్కన పెట్టి, "పకోడీలు వెయ్యనా?" అంది.

ఇది జెర్సీ మహిమ అని నేననను. ఆ రోజు ఇంకో సినిమా ఆడుతుంటే దానికే వెళ్లేవాణ్ని, ఇంకో రోజు చెప్పేవాణ్నేమో. తర్వాత సగం జీతానికి ఇంకో చోట చేరాను. అంతే.

2023లో విశ్వనాథ్ గారు పోయిన రోజు కూడా ఫిబ్రవరి 2. ఆ రాత్రే బాబాయి ఫోను చేశాడు. "అదే తారీకు, చూశావా అబ్బాయ్" అని, ఇంకేం అనలేక పెట్టేశాడు. ఆ వారంలో ఊరెళ్లాను. హాలు ఇప్పుడు కల్యాణ మండపం. డిజిటల్ వచ్చాక రెండు మిషన్లూ తూకానికి పోయాయి. బాబాయికి మోకాళ్లు పోయాయి, ఎడమ కన్ను మసక. టీవీలో శంకరాభరణం వేస్తున్నారు. పక్కన కూర్చున్నాను.

పాత ప్రింటులోంచి ఎక్కించిందేమో, చుక్కలు అలాగే ఉన్నాయి. నాకు మామూలుగా కనపడవు, ఆయన వల్ల కనపడ్డాయి. ప్రతి ఇరవై నిమిషాలకీ, మాటల మధ్యలో ఉన్నా సరే, బాబాయి కుడిచెయ్యి కుర్చీ చేతి మీంచి లేచేది. మొదటి చుక్కకి లేచి, రెండో చుక్కకి గాల్లో దేన్నో కిందికి లాగి, మళ్లీ వచ్చి వాలేది. మా తమ్ముడి మనవడు అది చూసి తనూ చెయ్యి లేపడం మొదలెట్టాడు. వాడికి ఆట. ఒకసారి బాబాయి కంటే ముందే లేపాడు.

"తొందరపడకు. రెండోది పడనీ" అన్నాడు బాబాయి, తెర మీంచి చూపు తిప్పకుండా.

కచేరీ ఘట్టం మొదలవబోతుండగా మూల చుక్క పడింది. రెండు చేతులు లేచాయి, ఒకటి ముడతలది, ఒకటి చాక్లెట్ అంటుకున్నది. రెండో చుక్క. రెండూ దిగాయి. బాబాయి వెనక్కి జారగిలబడి, వాణ్ని పక్కకి జరిపి చోటిచ్చి అన్నాడు:

"ఇంక పనేం లేదు. ఇది ఆఖరిది. చూద్దాం."